రాజమండ్రి నుంచి లేహ్‌కు ఎంతసేపు?

రాజమండ్రి విమానాశ్రయం మధురపూడి దగ్గర, సముద్రమట్టానికి 46 మీటర్ల ఎత్తున ఉంది. లదాఖ్‌లోని లేహ్ విమానాశ్రయం సింధునది లోయలో, 3,256 మీటర్ల ఎత్తున ఉంది. మహానగరాల విమానాశ్రయాలతో పోలిస్తే రెండూ చిన్నవే. రెంటి మధ్య నేరుగా వెళ్లే విమానం లేదు. అయినా దూరాలు లెక్కగట్టే వెబ్‌సైట్‌లో ఈ రెండు పేర్లూ ఇస్తే క్షణంలో జవాబు వస్తుంది. దూరం 1,940 కిలోమీటర్లు, ప్రయాణం మూడు గంటలకు అయిదు నిమిషాలు తక్కువ. మొదటి అంకెను కళ్లు మూసుకుని నమ్మవచ్చు. రెండో అంకెను నమ్మి అదే రోజుకు లేహ్‌లో గది తీసుకుంటే ఆ రాత్రి అద్దె నీళ్లపాలే.

రెండూ ఒకే పేజీ మీద, ఒకే సైజు అక్షరాల్లో కనిపిస్తాయి కాబట్టి ఒకే రకం నిజాలు అనిపిస్తాయి. కానీ దూరం భూమి ఆకారానికి సంబంధించిన సంగతి. కాలం మాత్రం గాలి, కొండ, ఎండ, ఇంధనం, టైంటేబులు అన్నీ కలిసి తేల్చేది. చిన్న ఊళ్ల మధ్య ప్రయాణంలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ముందు దూరం సంగతి చూద్దాం. ప్రతి విమానాశ్రయానికీ లెక్కల కోసం ఒక బిందువు ఉంటుంది. సాధారణంగా అది రన్‌వేల నడిమధ్యకు దగ్గరగా ఉంటుంది. రాజమండ్రి బిందువు 17.11 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 81.82 డిగ్రీల తూర్పు రేఖాంశం. లేహ్‌ది 34.14, 77.55. అంటే లేహ్ మనకు 17 డిగ్రీలు ఉత్తరాన, నాలుగుంపావు డిగ్రీలు పడమటన ఉంది. అక్షాంశం ఒక డిగ్రీ మారితే సుమారు 111 కిలోమీటర్లు. రేఖాంశం అలా కాదు. గీతలన్నీ ధ్రువం దగ్గర కలవాలి కాబట్టి ఉత్తరానికి పోయేకొద్దీ దగ్గరవుతాయి. రాజమండ్రి దగ్గర ఒక డిగ్రీ 106 కిలోమీటర్లుంటే లేహ్ దగ్గరికి వచ్చేసరికి 92 అవుతుంది. సగటున వంద అనుకోండి. ఉత్తరానికి 1,893, పడమరకు 428. ఈ రెంటినీ లంబకోణ త్రిభుజం భుజాలుగా తీసుకుని బడిలో నేర్చుకున్న పైథాగరస్ సూత్రం వేస్తే కర్ణం 1,941 వస్తుంది. కాగితం, పెన్సిలు ఉంటే చాలు, వెబ్‌సైటుకు ఒక్క కిలోమీటరు తేడాలో మనమే తేల్చేయవచ్చు.

ఈ సులువు లెక్క ఇక్కడ చెల్లడానికి కారణం దారి దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఉండటం, దూరం మరీ ఎక్కువ కాకపోవడం. ఖండాలు దాటే ప్రయాణానికి ఇది పనికిరాదు. గోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి గోళం కేంద్రం గుండా కోసినప్పుడు ఏర్పడే మహావృత్తం మీద ఉంటుంది. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు సీటు ముందున్న తెర మీద విమానం ఉత్తర ధ్రువం వైపు వంపు తిరిగి వెళ్లడం చూసి ఇంత చుట్టుదారి ఎందుకని అడుగుతుంటారు. అది చుట్టుదారి కాదు, దగ్గరిదారి. చదునైన పటం మీద అలా వంగి కనిపిస్తుంది, అంతే.

ఇంకో చిన్న మెలిక ఉంది. 1,940 అన్నది భూమి అచ్చమైన గోళమని, వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లని అనుకుంటే వచ్చే అంకె. నిజానికి భూమి మధ్యలో కొంచెం ఉబ్బి, ధ్రువాల దగ్గర అణిగి ఉంటుంది. భూమధ్యరేఖ వద్ద వ్యాసార్ధం 6,378, ధ్రువాల వద్ద 6,357. ఆ అణిగిన తీరును లెక్కలోకి తీసుకుంటే రాజమండ్రి, లేహ్‌ల మధ్య దూరం ఆరేడు కిలోమీటర్లు తగ్గి 1,934 దగ్గర తేలుతుంది. ప్రయాణికుడికి ఇది అర నిమిషం మాట. కానీ ఈ ఆరేడు కిలోమీటర్లను పట్టుకోవడానికి జరిగిన శ్రమలో మన నేలకు పెద్ద పాత్ర ఉంది. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే 78వ రేఖాంశానికి దగ్గరగా దక్షిణం నుంచి ఉత్తరానికి సాగింది. అనంతపురం జిల్లా గుత్తి దగ్గర 1811లో నేల మీద గొలుసు పరిచి ఆధారరేఖ కొలిచారు. లాంబ్టన్ 1823లో పని మధ్యలోనే, మహారాష్ట్రలోని హింగణ్‌ఘాట్‌లో చనిపోయాడు. తర్వాత జార్జ్ ఎవరెస్ట్ ఆ పనిని హిమాలయ పాదాల దాకా తీసుకుపోయాడు. ఆ కొలతల ఆధారంగా 1830లో ఎవరెస్ట్ భూమి ఆకారానికి ఇచ్చిన అంకెల మీదే భారతదేశ పటాలు చాలాకాలం తయారయ్యాయి. ఎడ్లబండ్లు, ఏనుగులు, కోణాలు కొలిచే అరటన్ను బరువున్న థియోడలైట్లతో జ్వరాల మధ్య చేసిన పని అది. ఇవాళ ఫోను తెర మీద క్షణంలో మెరిసే దూరం వెనుక ఆ మనుషులున్నారు. వాళ్లలో చాలామంది పేర్లు కూడా మనకు మిగల్లేదు.

నేరు దారి లేనప్పుడు ఎటునుంచి పోవాలి? హైదరాబాదు, ఢిల్లీల మీదుగా పోతే 360, 1,267, 621 కలిపి దాదాపు 2,250 కిలోమీటర్లు. మూడు విమానాలు. 2024 డిసెంబరులో రాజమండ్రి నుంచి ఢిల్లీకి నేరుగా జెట్ విమానం మొదలయ్యాక లెక్క మారింది. రాజమండ్రి, ఢిల్లీల మధ్య 1,362 కిలోమీటర్లు. ఢిల్లీ, లేహ్‌ల మధ్య 621. మొత్తం 1,983. నేరు గీత కన్నా 43 కిలోమీటర్లే ఎక్కువ. అదృష్టవశాత్తూ ఢిల్లీ దాదాపు ఆ గీత మీదే ఉంది. దూరం వైపు నుంచి చూస్తే ఢిల్లీలో దిగడం వల్ల పోయేది ఏమీ లేదు, జెట్ విమానానికి మూడు నిమిషాల దారి.

ఇక కాలం. వెబ్‌సైట్లు చేసే పని చాలా సాదాది. దూరాన్ని గంటకు సుమారు 800 కిలోమీటర్ల వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఒక అరగంట కలుపుతాయి. విమానం ఏది, ఏ నెల, ఏ వేళ అని అడగవు. ఎయిర్‌బస్ ఎ320 తరగతి జెట్ పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున గంటకు 830 కిలోమీటర్ల దాకా పోతుంది కాబట్టి నడిమి భాగానికి ఆ అంచనా బాగానే సరిపోతుంది. తేడా అంతా రెండు చివర్లలో వస్తుంది. మూడు వేల మీటర్ల లోపు ఎత్తులో వేగం సాధారణంగా 250 నాట్లు, అంటే 463 కిలోమీటర్లు దాటకూడదు. ఢిల్లీ లాంటి చోట గేటు నుంచి రన్‌వే దాకా పోవడానికే పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. దిగే ముందు వరుసలో ఆగి గాలిలో చక్కర్లు కొట్టాల్సిన రోజులూ ఉంటాయి. విమాన సంస్థలు టైంటేబుల్లో వేసేది గేటు నుంచి గేటుకు పట్టే సమయం. రాజమండ్రి నుంచి ఢిల్లీకి లెక్క ప్రకారం రెండుంపావు గంటలు రావాలి, టైంటేబుల్లో రెండున్నరకు దగ్గరగా ఉంటుంది. హైదరాబాదు దారిలో నడిచే ఎటిఆర్ ప్రొపెల్లర్ విమానమైతే వేగం గంటకు 500 కిలోమీటర్లే. అయినా 360 కిలోమీటర్ల దూరంలో జెట్‌తో పోలిస్తే పెద్దగా వెనకబడదు, ఎందుకంటే అంత చిన్న దారిలో జెట్ తన పూర్తి వేగంతో సాగేది కాసేపే.

చలికాలంలో ఉత్తర భారతం మీద పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ ప్రవాహం సాగుతుంది. గంటకు 180 కిలోమీటర్ల గాలి అక్కడ మామూలు, అంతకు మించిన రోజులూ ఉంటాయి. మన దారి ఉత్తరానికి, కాస్త పడమటికి వాలి ఉంది కాబట్టి ఈ గాలి ఎక్కువ భాగం పక్కనుంచి, కొంత ఎదురుగా తగులుతుంది. రాజమండ్రి నుంచి కొవ్వూరు వైపు గోదావరి దాటే పడవవాడు ప్రవాహానికి ఎదురుగా కొంచెం ముక్కు తిప్పి నడిపినట్టే, పైలట్ విమానం ముక్కును పది పన్నెండు డిగ్రీలు గాలివైపు తిప్పి పెడతాడు. నిజానికి కంప్యూటరే ఆ పని చేసిపెడుతుంది. పోయేటప్పుడు నేల మీద లెక్కకు వేగం గంటకు 750 దాకా పడిపోతుంది, తిరిగి వచ్చేటప్పుడు అదే గాలితో 875 దాటుతుంది. ప్రవాహం తగిలేది చివరి అయిదారు వందల కిలోమీటర్లలోనే కాబట్టి తేడా ఆరేడు నిమిషాలు.

ఇంతదాకా లెక్కలు ఏ రెండు ఊళ్లకైనా వర్తిస్తాయి. లేహ్ దగ్గర మాత్రం అన్నీ మారిపోతాయి.

3,256 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. విమానాన్ని పైకి లేపేది రెక్కల మీదుగా పారే గాలి. గాలి పలచబడితే అదే బరువును మోయడానికి ఇంకా వేగంగా పరుగెత్తాలి. రాజమండ్రిలో గంటకు 250 కిలోమీటర్ల వేగంతో నేల తాకే విమానం లేహ్‌లో 15 డిగ్రీల చల్లటి ఉదయాన కూడా 305 వేగంతో తాకుతుంది. వేగం అయిదో వంతు పెరిగితే ఆ వేగంలో ఉన్న శక్తి ఒకటిన్నర రెట్లవుతుంది. బ్రేకులు దాన్నంతా మింగాలి. ఇంజన్లకూ పలచటి గాలే దిక్కు, వాటి తోపుడు తగ్గుతుంది. ఎక్కువ పరుగు కావాల్సిన చోట ఎక్కువ రన్‌వే ఉండాలి. ఉన్నది తారుమారు. రాజమండ్రి రన్‌వేను విస్తరించి 3,165 మీటర్లు చేశారు. లేహ్‌ది 2,750 దగ్గర. అటూ ఇటూ కొండలు ఒత్తుకుని ఉంటే ఎక్కడ పొడిగిస్తారు?

ఎండ కూడా ఎత్తులాగే పనిచేస్తుంది, వేడెక్కిన గాలి వ్యాకోచించి పలచబడుతుంది. రోహిణి కార్తెలో రాజమండ్రి 45 డిగ్రీలకు ఉడికిపోయినప్పుడు గాలి సాంద్రత పదో వంతు తగ్గుతుంది. విమానం దృష్టిలో ఆ రోజు రాజమండ్రి వెయ్యి మీటర్ల కొండ మీదికి ఎక్కినట్టు. లేహ్‌లో 30 డిగ్రీల ఎండ కాస్తే ఆ విమానాశ్రయం దాదాపు 4,460 మీటర్ల ఎత్తున ఉన్నట్టు లెక్క. 2024 జూలై చివర్లో లేహ్‌లో ఎండ ముదిరి, విమానాలు పైకి లేవలేవని కొన్ని సర్వీసులు రద్దు చేయాల్సి వచ్చింది. మంచుకు విమానాలు ఆగడం అందరికీ తెలుసు. లదాఖ్‌లో ఎండకు ఆగడం కొత్త. వేసవులు వేడెక్కుతున్నకొద్దీ ఇలాంటి రోజులు పెరుగుతాయి. ఎత్తైన ఊళ్లకు ఇది చిన్న సమస్య కాదు. రోడ్లు మూసుకుపోయే చలికాలంలో లదాఖ్ ప్రజలకు విమానమే ప్రాణాధారం. వేసవిలోనూ అది నమ్మకం కోల్పోతే రోగులూ విద్యార్థులూ సైనికులూ ఇబ్బంది పడతారు.

అందుకే లేహ్ విమానాలు ఎక్కువగా పొద్దున్నే నడుస్తాయి. మధ్యాహ్నానికి కొండవాలులు వేడెక్కి లోయలో గాలి విసురు మొదలవుతుంది, కుదుపులు ఎక్కువవుతాయి. లేహ్‌లో మామూలుగా పడమటి వైపునుంచి వచ్చి దిగి, మళ్లీ పడమటి వైపుకే లేచిపోతారు. తూర్పు కొసన కొండలు అడ్డం. వేరేచోట గాలి వెనుకనుంచి వీస్తే రన్‌వే రెండో కొసనుంచి దిగుతారు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. చాలా జెట్ విమానాలు పది, పదిహేను నాట్లకు మించిన వెనుకగాలితో దిగకూడదు. ఆ హద్దు దాటితే విమానం ఢిల్లీకి తిరిగి పోవాల్సిందే. ఈ దారిలో నడపడానికి కెప్టెన్లకు ప్రత్యేక శిక్షణ ఉంటుంది. కుడివైపో ఎడమవైపో స్పితుక్ బౌద్ధ మఠం గుట్ట కిటికీలోంచి అంత దగ్గరగా కనిపించినప్పుడు ప్రయాణికులు ఫోటోలు తీసుకుంటారు. ముందు కూర్చున్న ఇద్దరూ ఆ క్షణంలో ఎంత పనిలో ఉంటారో తెలిస్తే వాళ్ల మీద గౌరవం పెరుగుతుంది.

ఈ లోయలో మొదటి విమానం దిగింది 1948 మే 24న. లదాఖీ ఇంజనీరు సోనమ్ నోర్బు ఊరివాళ్లతో కలిసి చదును చేసిన మట్టి పట్టీ మీద ఎయిర్ కమడోర్ మెహర్ సింగ్ డకోటాను దించాడు. పక్కన మేజర్ జనరల్ తిమ్మయ్య ఉన్నాడు. క్యాబిన్‌లో పీడనం నిలిపే ఏర్పాటు లేని విమానం, సరైన పటాలు లేని దారి. ఇవాళ టైంటేబుల్లో మామూలుగా కనిపించే లేహ్ ప్రయాణం ఆ రోజు ప్రాణాలు పణంగా పెట్టి చేసింది.

క్యాబిన్ పీడనం మాట వచ్చింది కాబట్టి నాకు ఎంతో ఇష్టమైన వింత ఒకటి చెప్పాలి. విమానం పది కిలోమీటర్ల ఎత్తున ఎగురుతున్నా లోపలి గాలిని 2,400 మీటర్ల ఎత్తున ఉన్నంత చిక్కగా, లేదా అంతకన్నా చిక్కగా ఉంచుతారు. లేహ్ దానికన్నా ఎత్తు. అంటే హిమాలయాల పైన ఎగురుతూ టీ తాగుతున్న ప్రయాణికుడు లేహ్ వీధిలో నిలబడ్డవాడికన్నా చిక్కటి గాలి పీలుస్తుంటాడు. మిగతా ఊళ్లలో విమానం దిగుతుంటే లోపలి గాలి చిక్కబడుతుంది. ఇక్కడ విమానం కిందికి దిగుతుంటే క్యాబిన్ పైకి ఎక్కుతుంది, నేలను తాకేసరికి లోపలా బయటా సమానం కావాలి కదా. మామూలు విమానంలో క్యాబిన్ పదివేల అడుగులు దాటిందంటే ప్రమాద హెచ్చరిక మోగుతుంది. లేహ్ ఎత్తు 10,682 అడుగులు. అందుకే ఎత్తైన విమానాశ్రయాలకు పోయే విమానాల్లో ఆ హెచ్చరిక హద్దును మార్చే ఏర్పాటు ఉండాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఢిల్లీలో ఆగకుండా రాజమండ్రికి, లేహ్‌కు నేరుగా విమానం వేస్తే? రోజూ విమానం నింపేంతమంది ప్రయాణికులు లేరన్నది మొదటి కారణం. వాళ్లున్నా భౌతికశాస్త్రం అడ్డం వస్తుంది. లేహ్‌లో విమానం ఎంత బరువుతో లేవగలదో ఆ ఉదయపు గాలి నిర్ణయిస్తుంది. ఢిల్లీ దాకా అయితే 621 కిలోమీటర్లకు, అదనపు నిల్వకు సరిపడా ఇంధనం చాలు. రాజమండ్రి దాకా అయితే ఇంకో 1,300 కిలోమీటర్లకు, అంటే గంటన్నరకు పైగా ఇంధనం మోయాలి. ఎ320 తరగతి విమానం గంటకు రెండు నుంచి రెండున్నర టన్నులు తాగుతుంది. ఆ మూడు, నాలుగు టన్నులకు బదులుగా ముప్పై నలభై మంది ప్రయాణికుల్ని, వాళ్ల పెట్టెల్నీ దించేయాలి. అసలే బరువు తగ్గించి లేపే చోట ఇది గిట్టుబాటు కాదు. ఢిల్లీ మీదుగా పోవడం సంస్థల సౌకర్యం కోసమే అనుకుంటాం. ఈ దారిలో మాత్రం అది గాలి విధించిన షరతు కూడా.

ఆ షరతుకు మనం చెల్లించే ధర 43 కిలోమీటర్లు కాదు, ఒక రాత్రి. లేహ్ విమానాలు చాలావరకు తెల్లవారుజామున ఢిల్లీలో లేచి, మధ్యాహ్నం కాకముందే పని ముగిస్తాయి. రాజమండ్రిలో పొద్దున బయల్దేరినా రెండున్నర గంటలు పోయాక ఢిల్లీలో సామాను తీసుకుని మళ్లీ చెకిన్ చేసే వేళకు ఆ రోజు తలుపు మూసుకుపోతుంది. సాయంత్రం బయల్దేరితే సరేసరి. గాలిలో గడిపేది నాలుగు గంటలలోపు. ఇంటి గడప నుంచి లేహ్ గది దాకా ఇంచుమించు పూర్తిగా ఒక రోజు. 1,940ని 24తో భాగిస్తే సగటు వేగం గంటకు 80 కిలోమీటర్లు, జాతీయ రహదారి మీద కారు వేగం. ఇందులో ఎవరి తప్పూ లేదు. చిన్న ఊరి నుంచి చిన్న ఊరికి పోయేవాడి కాలమంతా కలిపే చోటే ఖర్చవుతుంది. అందుకే ఇంకా వేగంగా ఎగిరే విమానం కన్నా, ఢిల్లీకి వేకువనే చేరే ఒక్క సర్వీసు ఇలాంటి ఊళ్లకు ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం.

దిగాక కూడా ప్రయాణం పూర్తి కాదు. సముద్రమట్టం మనిషి ఒక్క ఉదయంలో మూడు వేల మీటర్లు ఎక్కాడు. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. కొందరికి ఊపిరితిత్తుల్లో, మెదడులో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. కుర్రవాళ్లమని, వ్యాయామం చేస్తామని ధీమా పడితే కుదరదు, ఒంటి దారుఢ్యానికీ దీనికీ సంబంధం తక్కువ. వైద్యులు కనీసం రెండు రోజులు లేహ్‌లోనే తిరుగుళ్లు మానుకుని ఉండమంటారు. ఆ తర్వాతే ఖార్దుంగ్ లా కనుమ, పాంగాంగ్ సరస్సు అనుకోవాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దవాళ్లు బయల్దేరే ముందే డాక్టరును అడగాలి. ఈ రెండు రోజుల్ని కూడా ప్రయాణ కాలంలోనే కలుపుకోవడం మంచిది, ఎందుకంటే శరీరం ఇంకా దారిలోనే ఉంటుంది.

తిరుగు ప్రయాణం మాత్రం పోయినంత కష్టం కాదు. లేహ్ నుంచి విమానాలు పొద్దున్నే లేస్తాయి కాబట్టి మధ్యాహ్నానికి ముందే ఢిల్లీలో ఉంటారు. టైంటేబులు కలిసొస్తే అదే రోజు రాజమండ్రి చేరవచ్చు. చలికాలమైతే జెట్ ప్రవాహం కూడా వెనుకనుంచి కాస్త తోస్తుంది. అదే 1,983 కిలోమీటర్లు, పోయేటప్పుడు రెండు తేదీలు, వచ్చేటప్పుడు ఒక్కటి. అయినా రెండు టికెట్లనూ విడివిడిగా, గంటన్నర తేడాతో కొనకండి. లేహ్‌లో మబ్బు దిగినా, గాలి తిరిగినా, ఎండ ముదిరినా ఆ ఉదయం విమానం లేవదు. లేవని రోజు తర్వాతి అవకాశం మర్నాడు తెల్లవారాకే. పెళ్లి ముహూర్తమో, పరీక్షో, ఆఫీసులో చేరాల్సిన తేదీయో ఉంటే లేహ్ నుంచి ఒక రోజు ముందుగానే బయల్దేరేలా టికెట్ తీసుకోండి.